మొక్కు కింద ఉన్న ఇంజను

మా కారు పొగ సంగతి మాకంటే ముందు మా గల్లీ దోమలకు తెలిసింది. నేను జనగామలో మా మలుపు తిరిగితే చాలు, అవి మూటాముల్లె సర్దుకొని పక్క వార్డుకు వలసపోయేవి. ఒకరోజు వెనక గల్లీ పెద్దమనిషి ఒకాయన రోడ్డుకు అడ్డంగా నిలబడి కారు ఆపాడు.

"అన్నా, మున్సిపాలిటీ దోమల మందు బండి గీ నెల మా దిక్కు రాలేదు. జర మా గల్లీల గూడ ఒక చుట్టు కొట్టి పో" అన్నాడు.

ఆయన ముఖంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. తలుపులూ కిటికీలూ తెరిచి పెట్టుకొమ్మని ఇంటింటికీ ముందే చెప్పి వచ్చాడట. ఏం చేస్తాం, ఒక చుట్టు కొట్టి వచ్చాను. చివరి ఇంటివాళ్లు చాయ్ కూడా ఇచ్చారు.

పొగ ఒక్కటే అయితే ప్రజాసేవ అనుకొని ఊరుకునేవాణ్ణి. కారు డీజిలుతో పాటు ఇంజన్ ఆయిల్ కూడా తాగడం మొదలుపెట్టింది. పసిపిల్ల తల్లి పాలసీసా లేకుండా గడప దాటనట్టు, నేను ఆయిల్ డబ్బా లేకుండా బయలుదేరేవాణ్ణి కాదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక గుక్క, కాజీపేటలో ఒక గుక్క. పైగా దగ్గు. నేను వీధి చివర ఉండగానే ఆ దగ్గు విని మా ఆవిడ అన్నం వడ్డించేది.

"అమ్మి పారెయ్యరాదు?" అని ఆమె రోజూ అనేది. ఇంట్లో అమ్మకం పార్టీకి ఆమే అధ్యక్షురాలు, ఆమే కార్యకర్త.

అమ్మకపోవడానికి ఒకటే కారణం, మా అత్త.

అత్త ఉండేది భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో. పత్తి, కొంచెం మిరప, వాటి మీద కంటే గట్టిగా పెత్తనం చేసే ఒక గొంతు. ఆమె చేను గట్టు మీద నిలబడి కూలీని పిలిస్తే పక్క మండలంలో ఇద్దరు పలుకుతారు. ఆమెకు ఇద్దరు బిడ్డలు. పెద్దబిడ్డ మా ఆవిడ. చిన్నబిడ్డ మహబూబాబాద్‌లో ఉంటుంది, మేమంతా ఇప్పటికీ మానుకోట అనే అంటాం. అత్త ప్రపంచమంతా ఈ మూడు ఊళ్లే. ఆ ప్రపంచానికి ఒక్కటే అడ్డంకి. బండెక్కితే ఆమెకు వాంతులు.

మామూలు వాంతులు కావవి. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదని తెలిసిన కొత్తలో ఒకసారి ఎక్కింది. ఊరు దాటకముందే ఆ బస్సులో కిటికీ సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. మా తోడల్లుడు, అంటే మరదలి భర్త, కొత్త కారు కొని, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా అత్తను ఎక్కించుకున్నాడు. ఆ కవర్లు తీయకపోవడమే అతను తన జన్మలో చేసిన తెలివైన పని.

మా కారులో మాత్రం ఆమె మహారాణి. ముందు సీట్లో కాలు మీద కాలు వేసుకొని, టేకుమట్ల నుంచి జనగామ దాకా ఊరి ముచ్చట్లు చెబుతూ వచ్చేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"కొత్త బండ్లల్ల సెంటు వాసనొస్తది అల్లుడా. కడుపుల తిప్పుతది. నీ బండిల బండి వాసనొస్తది" అంది.

దాన్ని నేను ప్రశంసగా తీసుకున్నాను.

ఇంతలో మరదలికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. లెక్క ప్రకారం తల్లిగారింటికి రావాలి. కానీ డాక్టరమ్మ ప్రయాణం చేయొద్దని గట్టిగా చెప్పింది. బిడ్డ రాలేకపోతే తల్లే పోవాలి. కాన్పు నాటికి అత్త మానుకోట చేరాలి, అత్త చేరాలంటే మా కారు కదలాలి. మా ఇంట్లో ఇంకో ప్రాణి భూమ్మీదికి రావడం ఆ దగ్గు ఇంజను మీద ఆధారపడి ఉన్నట్టు ఆరోజుల్లో అందరం నడుచుకున్నాం.

పత్తి ఏరే రోజులు. మా ఇంట్లో నాలుగు రోజులుండి, కూలీల పని చూసుకొని మళ్లీ వస్తానని అత్త మా కారులోనే టేకుమట్లకు బయలుదేరింది. పరకాల దాటాం. ఉన్నట్టుండి కారు ఒక్క దగ్గు దగ్గి, ఆ దగ్గులోనే ఆగిపోయింది. లేచిన పొగకు సూర్యుడు కనబడలేదు. చేన్లో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు ఒళ్లోని పత్తితో సహా రోడ్డెక్కారు.

"ఏం కాలబెడుతున్నరే?" అంది ఒకామె.

"మా అల్లుని కారు" అంది అత్త, ఇల్లు చూపించినంత తాపీగా.

తర్వాత ఆమె దిగి, కొంగు మడత పెట్టి, కాలుతున్న బానెట్ మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

"తల్లీ సమ్మక్కా, సారలమ్మా, గీ ఇంజన్ మల్ల మంచిగ నడిస్తె దీని నిలువెత్తు బంగారం మీ గద్దె కాడ పెడ్త."

మేడారం తల్లులకు బెల్లమే బంగారం. బీమారు తగ్గాలని, పిల్లలు పుట్టాలని మొక్కుకున్నవాళ్లు తమ బరువుకు సరిగ్గా తూగే బెల్లాన్ని సమర్పిస్తారు. మనుషుల కోసం మొక్కడం చూశాను. ఇంజను కోసం మొక్కడం చూడలేదు.

"కారు మొత్తానికి కాదు గద అత్తమ్మా?" అని భయంభయంగా అడిగాను. కారు బరువు బెల్లమంటే ఆ ఏడాది జాతరలో ఇంకెవరికీ మిగలదు.

"నాకు తెల్వదా? చెడిపోయింది ఇంజన్. ఇంజన్‌కే మొక్కిన" అంది.

అత్తను అటుగా వెళ్తున్న ట్రాక్టరు ఎక్కించాను. ఇంజను పక్కన, మడ్‌గార్డు మీద కూర్చొని, పొగగొట్టం మొహం మీద ఊదుతుంటే డ్రైవరుకు పత్తి ధరల గురించి బోధిస్తూ ఇంటికి చేరింది. ఒక్క డోకు రాలేదట. ఆ సంగతిని మాలో ఎవరం పట్టించుకోలేదు. కారును తాడు కట్టి పరకాలకు, అక్కడి నుంచి వ్యాన్ ఎక్కించి జనగామకు తెచ్చాను. దారి పొడవునా జనం ఆగి చూశారు. ఆ కారుకు అంత మర్యాద కొన్న రోజు కూడా దక్కలేదు.

సిద్దిపేట రోడ్డులో మా మెకానిక్ షెడ్డు. అతను బానెట్ ఎత్తి, చాయ్ గ్లాసు ఇంజను మీద పెట్టి, ఆయిల్ పుల్ల తీసి చూసి తల అడ్డంగా ఊపాడు. అలా తల ఊపే డాక్టర్లను చూసి నేను భయపడతాను.

"రెండు తొవ్వలున్నయ్ అన్నా" అన్నాడు చివరికి. "ఒకటి, ఇంజన్ దింపి, హన్మకొండ లేత్ మిషన్‌కు పంపి సిలిండర్లు బోరు చేయించి, పిస్టన్లు, రింగులు కొత్తయి ఎయ్యాలె. దానికి టైం పడ్తది. రెండోది, యాక్సిడెంటయిన బండిది మంచి ఇంజన్ ఒకటి ఉన్నది. నాలుగొద్దులల్ల ఎక్కిస్త."

"నువ్వైతె ఏం చేస్తవ్?"

"నేనైతె అమ్ముత."

ఈ మాట ఇంట్లో చెప్పడం నా పొరపాటు. మా ఆవిడ మెకానిక్‌ను అప్పటికప్పుడు సొంత అన్నగా స్వీకరించింది. తోడల్లుడు ఫోన్ చేసి, "మా కారున్నది గద అన్నా, కవర్లు గూడ మల్ల ఏపిచ్చిన" అన్నాడు. నేను మాత్రం ఇంజను మార్చడానికే మొగ్గాను. కాన్పు దగ్గర పడుతోంది, నాలుగు రోజుల్లో బండి కదులుతుంది, ఇంకేం కావాలి? అత్తకు ఫోన్ చేశాను.

"అత్తమ్మా, ఇంజన్ మారుస్తున్నం."

"పాతదాన్ని ఏం జేస్తరు?"

"ఏముంది, పాతసామానోనికి ఏస్తరు."

అవతల కోళ్లు బెదిరి అరిచాయి. వాటి మీదుగా అత్త గొంతు వచ్చింది.

"మొక్కు కింద ఉన్న ఇంజన్‌ను పాతసామానోనికి ఏస్తవా? మనిషి బీమారుంటె నిలువెత్తు మొక్కి, ఆ మనిషిని పారేసి, పక్కింటోన్ని తెచ్చి తూస్తరా అల్లుడా?"

నేను బళ్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. సామ్రాజ్యాలు ఎందుకు కూలాయని అడిగితే అరగంట ఆపకుండా చెప్పగలను. ఈ ప్రశ్న మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు. సాయం కోసం మా ఆవిడ వైపు చూశాను.

"అవ్వ చెప్పిందాంట్ల తప్పేమున్నది?" అంది ఆమె, తల్లిని వెనకేసుకొస్తూ. మొక్కు మాట వినబడగానే అమ్మకం పార్టీ జెండా, కార్యాలయంతో సహా మరమ్మతు పార్టీలో కలిసిపోయింది.

మర్నాడు షెడ్డుకు పోయి సంగతి చెప్పాను. మెకానిక్ గబుక్కున ఇంజను మీది చాయ్ గ్లాసు తీసేశాడు.

"మొక్కిన ఇంజనా? ముందుగాల చెప్పొద్దా అన్నా?"

ఆ రోజు నుంచి అతను నీసు తిన్న పూట దాన్ని ముట్టలేదు. చెప్పులు షెడ్డు బయట విడిచేవాడు. పక్కన లారీ ఇంజను దిక్కులేకుండా నూనె కారుస్తూ పడి ఉంటే, మాది కొత్త పట్టా మీద కూర్చొని ఉండేది. భక్తి పెరిగింది కానీ వేగం పెరగలేదు. లేత్ దగ్గర వరుస పెద్దదన్నారు. ఒక రింగు దొరకలేదన్నారు. అటు మరదలు రోజూ ఫోన్ చేసి, "అవ్వ ఎప్పుడొస్తది బావా?" అని అడుగుతుంటే, నేను పిస్టన్ల ఆరోగ్యం గురించి చెప్పేవాణ్ణి. కడుపుతో ఉన్న మనిషికి చెప్పవలసిన ముచ్చట్లు కావవి. అయినా ఓపిగ్గా వినేది.

మొత్తానికి ఇంజను తయారైంది. ఎక్కిస్తారనగా అత్త ఫోన్.

"ఎక్కియ్యకముందే తూపియ్యి. లోపల పెట్టినంక ఎట్ల తూస్తవ్?"

నిజమే. ఆటో ట్రాలీలో పెట్టుకొని పత్తి మార్కెట్ దగ్గరి కాంటాకు పోయాం. పత్తి బస్తాల వరుసలో మా ఇంజను నిలబడింది. కాంటా ఆయన కళ్లజోడు సవరించుకొని, "గిది ఏ రకం పత్తే? తేమ ఎంతున్నది?" అన్నాడు. వెనక రైతులు నవ్వారు. మెకానిక్ నవ్వలేదు, మొక్కు సంగతి చెప్పాడు. వాళ్లూ నవ్వు ఆపి, ముందుకు పోనిచ్చారు.

అక్కడ ఒక ధర్మసందేహం వచ్చింది. ఆయిల్ పోసి తూయాలా, పోయకుండానా? ఖాళీగా తూస్తే బెల్లం కొంత తగ్గుతుందని నా ఆశ. అత్తను అడిగాం.

"మనిషిని తూస్తె కడుపుల అన్నం తీసి తూస్తరా? పోసి తూపియ్యి. పాత పిస్టన్లు గూడ కాంటా ఎక్కియ్యి. మొక్కిననాడు లోపలున్నయి అవే."

అలా కొత్త పిస్టన్లతో నడవబోయే ఇంజనుకు పాత పిస్టన్ల బరువు కూడా కలిసింది. అత్త లాంటి మనుషులు ముగ్గురు కలిసినా ఆ బరువు రారు. బెల్లం దుకాణంలో ఇంకో చిక్కు. గుడుంబా సారా కాస్తారేమోనని ఎక్కువ బెల్లం కొనేవాళ్లను ఆధార్ అడుగుతున్నారు.

"ఎవల నిలువెత్తు?" అన్నాడు దుకాణాదారు.

"ఇంజన్‌ది."

అతను నన్ను చూశాడు. ఆటోను చూశాడు. ఆటోలో పసుపు కుంకాలతో కూర్చున్న ఇంజనును చూశాడు.

"అయితె ఆర్‌సీ జిరాక్స్ ఇయ్యి" అన్నాడు.

ఇంజను కారులో కూర్చుంది. తాళం తిప్పితే నడుస్తోందో లేదో తెలియలేదు, అంత నిశ్శబ్దం. పొగ లేదు, దగ్గు లేదు. వెనక గల్లీ పెద్దమనిషి ఎదురై, "ఖరాబ్ చేసినవ్ గదన్నా" అని బాధపడ్డాడు. మెకానిక్ కొసరుగా కారు లోపలంతా షాంపూతో కడిగించి, అద్దం దగ్గర మల్లెపూల సెంటు డబ్బా పెట్టించాడు. పాత పిస్టన్లను ఒక్కోదాన్ని ఒక్కో మసిగుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాడు. పాత సామాను తిరిగి చేతిలో పెడితేనే కొత్తది వేసినట్టు రుజువు, ఏ షెడ్డులోనైనా అదే పద్ధతి.

మర్నాడు పొద్దున నేనూ మా ఆవిడా టేకుమట్ల చేరాం. అత్త సంచి సర్దుకొని గడప మీద కూర్చొని ఉంది. అప్పుడే తోడల్లుడి ఫోన్. నొప్పులు మొదలయ్యాయి, దవాఖానకు తీసుకుపోతున్నామని.

అత్త ముందు సీట్లో కూర్చుంది. కారు కదిలింది. ఆమె చెవి ఒగ్గింది.

"ఏంది, సప్పుడు లేదు?"

"మంచిగైంది గద అత్తమ్మా."

"గీ వాసనేంది? పూలదుకాణంల కూసున్నట్టున్నది."

సెంటు డబ్బా తీసి బయట పడేశాను. వాసన మాత్రం దిగలేదు, అది షాంపూతో కలిసి సీట్లలో కాపురం పెట్టింది. చిట్యాల దాటేసరికి అత్త మాటలు ఆగిపోయాయి. ఆమె మాటలు ఆగడం నేను అంతకుముందు చూడలేదు. నిమ్మకాయ వాసన చూపాం. కిటికీలన్నీ దించాం. ముఖం తెల్లబడింది. తర్వాత పచ్చబడింది. పరకాల ముందు, వెనకటిసారి ఇంజను ఆగిన చోటికి దగ్గర్లోనే, చెయ్యెత్తి ఆపమంది.

ఇంజను బాగానే ఉంది. ఈసారి చెడిపోయింది అత్త.

రోడ్డు పక్క వంగి ఉన్నదంతా ఇచ్చేసి, మైలురాయి మీద కూలబడింది. "మీరు పోన్రి. నేను నడిచొస్త" అంది. అక్కడి నుంచి మానుకోటకు నడిచి చేరేసరికి మనవరాలో మనవడో ఆమెకు బడి నుంచి ఎదురొస్తారు. ఫోన్ మోగుతోంది. తోడల్లుడే. "అవ్వ యాడిదాక వచ్చింది? మాటిమాటికి అవ్వ అంటున్నది" అన్నాడు. పరకాల దాకా అన్నాను.

మా ఆవిడ తల్లి మూతి తుడవడానికి తువ్వాల కోసం డిక్కీ తెరిచింది. తువ్వాల ఇంట్లోనే మరిచిపోయాం. కంటికి కనబడినవి మసిగుడ్డలే. ఒకటి పట్టుకొచ్చి, పిస్టన్ విడదీసి గుడ్డ ఇద్దామని విప్పబోతుంటే, అత్త చటుక్కున మూట మొత్తం లాక్కుంది. ముక్కుకు ఆనించుకుంది. ఊపిరి లోపలికి పీల్చింది. మేమిద్దరం కొయ్యబొమ్మల్లా చూస్తున్నాం. ఇంకోసారి పీల్చింది. పచ్చదనం పోయింది. తెల్లదనం పోయింది. మనిషి రంగు వచ్చింది.

"గిదే" అంది. "గిదీ బండి వాసనంటె. ఏం జూస్తున్నరు, ఎక్కుండ్రి."

మడ్‌గార్డు మీద కూర్చొని పొగ పీల్చుకుంటూ ఊరు చేరిన మనిషి అప్పుడు గుర్తొచ్చింది. నేను సీటని, మా ఆవిడ నా డ్రైవింగని అనుకున్నది అత్త ఏనాడో చెప్పిన బండి వాసనే, కాలిన ఆయిల్ వాసన.

నర్సంపేట మీదుగా మానుకోట దాకా అత్త పిస్టన్‌ను ఒళ్లో పెట్టుకొని, గుంతకొకసారి ముక్కుకు ఆనిస్తూ, వెనకటిలాగే ఊరి ముచ్చట్లన్నీ చెప్పింది. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. దవాఖాన మెట్లెక్కి, కాన్పు గది తలుపు దగ్గరికి చేరేసరికి లోపల మరదలు ఒకటే కేకలు. అత్త తలుపు సందులోంచే, "వచ్చిన బిడ్డా, నేనొచ్చిన" అంది, చేను గట్టు మీది గొంతుతో. లోపల కేకలు తగ్గాయి. పక్క వార్డులో ఇద్దరు పలికారు.

సాయంత్రానికి ఆడపిల్ల. బయటికి తెచ్చిన నర్సు అత్త ముఖం చూసి ఆగిపోయింది. ముక్కు, రెండు బుగ్గలు, గదవ, అన్నీ నల్లగా ఉన్నాయి.

"దిష్టిచుక్క పిల్లకు పెడ్తరవ్వా. నువ్వు పెట్టుకున్నవేంది?" అంది. సబ్బుతో మూడుసార్లు కడుక్కుంటే గానీ పిల్లను చేతికివ్వలేదు.

జాతర రద్దీకి ముందే మేడారం పోయి మొక్కు తీర్చుకున్నాం. గద్దె దగ్గర బెల్లం బుట్టలు మోస్తుంటే వరుసలో వెనకాయన అడిగాడు.

"ఎవలిదే అంత బంగారం?"

"మా ఇంజన్‌ది" అంది అత్త.

ఆయన ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు. "మా బాయి కాడ మోటరు ఏడాదికి రెండుసార్లు కాలుతున్నది. దానికి గూడ మొక్కచ్చా?"

"మొక్కు. కాని తూసినంకనే బాయిల దించు" అని అత్త సలహా ఇచ్చింది. ఈ విషయంలో ఆమె ఇప్పుడు మా మూడు జిల్లాలకు పెద్ద దిక్కు.

పసిపిల్ల బాగా కుదురుకున్నాక, అత్తను ఊరికి దింపాలని నేను కారు తుడిచి, ఆయిల్ చూసుకొని, మానుకోటకు వస్తున్నానని ఫోన్ చేశాను.

"నేను ఊర్నే ఉన్న అల్లుడా. నిన్న బస్సుల వచ్చిన."

"బస్సులనా? కక్కలేదా?"

"పిస్టన్ ఉన్నది గద."

"కండక్టర్ ఏమనలేదా?"

"ఏందవ్వా గది, ఇనుమా, లగేజి టికెట్ కొట్టాల్నా అన్నడు. గుడ్డ ఇప్పి వాసన చూపెట్టిన. పోయి డ్రైవర్ కాడ కూసున్నడు."

అప్పటి నుంచి ఆమె ఆధార్ కార్డు ఒక చేత్తో, పిస్టన్ ఇంకో చేత్తో పట్టుకొని మూడు ఊళ్లూ బస్సుల్లో ఏలుతోంది. మిగిలిన పిస్టన్లలో ఒకటి ఆమె వదినకు, ఒకటి పక్కింటి కోడలికి పోయాయి. ఒకటి అత్యవసరానికి సజ్జ మీద ఉంది. మేము బోరు చేయించి, తూచి, బెల్లం మోసి నిలబెట్టిన ఇంజను మాత్రం మా గుమ్మం ముందు పనిలేక కూర్చుంది. బానెట్ మీద పిల్లి పడుకుంటుంది. లోపల ఇంజను నడుస్తున్నా లేవదు.

మొన్న అత్త మళ్లీ ఫోన్ చేసింది. "గుడ్డ వాసన తగ్గుతున్నది అల్లుడా. జర నల్ల ఆయిల్ పంపు."

"షెడ్డుల డ్రమ్ములకు డ్రమ్ములున్నది. ఇయ్యాల్నే పంపిస్త."

"ఎవల బండిదో నాకెందుకు? మన ఇంజన్‌ది పంపు."

మెకానిక్‌ను అడిగితే, ఆయిల్ మార్చే టైం ఇంకా కాలేదు, బండి తిరగాలి కదా అన్నాడు. అందుకని ఈమధ్య రోజూ బడి కాగానే ఏ పనీ లేకున్నా పాలకుర్తి దాకా పోయి వస్తున్నాను. నిన్న తాళం తీస్తుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది.

"మల్ల యాడికి?"

"మీ అవ్వకు మందు కాయనీకి" అన్నాను.

"ఆగు, చెప్పులేసుకొని వస్త" అంది, అమ్మకం పార్టీ మాజీ అధ్యక్షురాలు.